తమ్ముడిగా చేరుటకు అనుమతి

మనిషి ఎవరికైనా తమ్ముడు కావడానికి ఒక తల్లి సహకారం చాలునని ప్రకృతి అనుకుంది. సైన్యం విషయాలను అంత తేలిగ్గా తీసుకోదు. ఉద్యోగంలో ఉండగా తమ్ముడు కాదలచినవారు పద్దెనిమిది గళ్ల దరఖాస్తును మూడు ప్రతుల్లో నింపి, పై అధికారి ద్వారా పంపుకోవాలి.

బూట్లాయనకు ఈ సంగతి నలభై ఒకటో ఏట తెలిసింది.

అతనికి వేరే పేరు ఉన్నట్టు దళంలో హాజరు పట్టీకి మాత్రమే గుర్తు. ఏ ఊళ్లో ఉన్నా పన్నెండేళ్లుగా బూట్ల స్టోరే చూస్తున్నాడు. అతనూ ఎవరి పేర్లూ గుర్తుపెట్టుకోలేదు. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ల పాదాలు చూసి, "ఎనిమిదీ, ఇటు రా. పదీ, నువ్వు ఆగు" అనేవాడు. దళాధికారి గారు మాత్రం రిజిస్టరులో తొమ్మిది, నిజానికి ఏడున్నర. తొమ్మిది నంబరు బూట్లు తీసుకుని ముందు భాగంలో దూది కూరుకునేవారు. (కవాతులో ఆయన కన్నా ఆయన బూట్లే ముందు మలుపు తిరిగేవి.) ఈ సంగతి తెలిసినవాడు లోకంలో బూట్లాయన ఒక్కడే. దూది ఇచ్చేది అతనే గనక.

అతను నలుగురు చెల్లెళ్లకు అన్న. "అన్నయ్యా" అనే పిలుపు వినగానే ఏదో మోయాల్సి వచ్చిందని అతని భుజాలకు ముందుగా తెలిసిపోయేది. తమ్ముడూ అని పిలిచినవాళ్లు మాత్రం పుట్టాక ఒక్కరూ లేరు. పైగా రెండేళ్లకో బదిలీ. కొత్త ఊళ్లో ఆదివారాలు బజారంతా తిరుగుతూ, అక్కరలేని గొడుగులు విప్పి చూసి మళ్లీ ముడిచి పెట్టేవాడు. పోయిన ఊళ్లో మూడు రోజులు జ్వరంతో పడుకుంటే అతన్ని వెతుక్కుంటూ వచ్చింది ఒక మెమో.

అందుకే పళ్ల డాక్టరు మాట అతన్ని పట్టుకుంది.

"మా రహస్య సంఘానికి నూట ఇరవై ఊళ్లలో సోదర మందిరాలు ఉన్నాయి నాయనా," అన్నాడు డాక్టరు, అతని దవడ పన్ను పీకుతూ. "ఏ ఊరికి బదిలీ అయినా సరే, వెళ్లి తలుపు మూడుసార్లు తట్టు. ఎవరది అంటారు. తమ్ముడిని అను. రా తమ్ముడూ అని తలుపు తీస్తారు."

"అంతేనా అండీ?" అన్నాడు బూట్లాయన. నోట్లో దూది ఉండటం వల్ల అది మూలుగులా వినిపించింది.

"అంతే. ముందు చేరినవాడు అన్న, వెనక చేరినవాడు తమ్ముడు. బయట నువ్వెవరైతే మాకేం? హోదా కనబడకూడదని బూట్లు కూడా గుమ్మం బయటే విప్పిస్తాం."

మందిరం వారి దరఖాస్తులో ప్రశ్న ఒక్కటే: మీరు కాపాడిన రహస్యం ఒకటి ఉదాహరణగా రాయుము. బూట్లాయన రెండు రోజులు దూది గురించి ఆలోచించి, చివరికి ఖాళీగా ఇచ్చేశాడు. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "భేష్. రాసినవాళ్లని మేము చేర్చుకోం."

దళం వారి దరఖాస్తులో తొమ్మిదో గడి ఇలా ఉంది: సదరు సంస్థ రహస్యములు (వివరముగా).

"ఏంటి బూట్లాయనా, తొమ్మిదో గడి ఖాళీ?" అన్నాడు ఆఫీసు గుమాస్తా.

"రహస్యం గురూ."

"రహస్యం కాకపోతే మేమెందుకు అడుగుతాం?"

"చేరితే గాని చెప్పరట."

"చెప్తే గాని చేరనివ్వరు." గుమాస్తా కాసేపు ఆలోచించి ఆ గడిలో తనే రాశాడు: దరఖాస్తుదారునకు తెలియదు; తెలిసిన పిమ్మట చెప్పడు. "సరే, పన్నెండో గడి. చేరాక ఏర్పడే బంధుత్వం. సోదరుడు అంటే ఏంటి? అన్నా, తమ్ముడా?"

"తమ్ముడు."

"ఎవరికి?"

"అందరికీ."

"ఇవాళ అందరికీ తమ్ముడివే. రేపు నీ తర్వాత ఓ అధికారి చేరాడనుకో. ఆయన నీకేమవుతాడు?"

బూట్లాయన అంత దూరం ఆలోచించలేదు. "తమ్ముడు," అన్నాడు మెల్లగా.

"తమ్ముడికి సెల్యూట్ కొడతావా?"

"కొడతాను. నాకేం?"

"నీకేం లేదయ్యా. అన్న చేత సెల్యూట్ కొట్టించుకునే ఆ తమ్ముడి మొహం ఎలా ఉంటుందో ఆలోచించు."

ఫైలు దళాధికారి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని అసాధారణమైన శ్రద్ధతో చదివారు.

"ఎప్పుడు చేరదామని?"

"అనుమతి రాగానే సార్. వేసవిలో బదిలీ ఉంది, ఈలోపే..."

"సోదరభావంలో తొందర పనికిరాదయ్యా," అన్నారాయన.

ఫైలు ఏడు నెలలు సొరుగులో ఉంది. ఎనిమిదో నెలలో ఒక శుక్రవారం పొద్దున్నే ఆయన చిరునవ్వుతో సంతకం పెట్టారు. (ముందురోజు సాయంత్రం ఆయనే మందిరంలో చేరారని పళ్ల డాక్టరు తర్వాత చెప్పాడు. ఇప్పుడు అన్న ఎవరో, తమ్ముడు ఎవరో ఖాయమైంది.)

అయితే దరఖాస్తు రెండో ప్రతి నేరుగా ప్రధాన కార్యాలయానికి వెళ్లి, అందులోని పన్నెండో గడి అప్పటికే వారిని కలవరపెట్టింది. బంధుత్వ నిర్ణయ ఉపసంఘం మూడుసార్లు సమావేశమై ఉత్తర్వు ఇచ్చింది: దరఖాస్తుదారు చేరవచ్చును. అయితే వరుసల వలన హోదాకు భంగం వాటిల్లు అవకాశమున్నందున, సదరు వ్యక్తిని మందిరమునందు సర్వీసు నంబరుతో మాత్రమే పిలువవలెను. నంబరునకు చుట్టరికము లేదు. ఈ నిబంధన అధికారులకు వర్తించదు.

"మందిరం ఒప్పుకుంటుందా అండీ?" అని బూట్లాయన డాక్టరును అడిగాడు.

"మేము చట్టానికి లోబడిన సోదరులం నాయనా," అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ.

బూట్లాయన 'చేరవచ్చును' అన్న మాట మూడుసార్లు చదివాడు, మిగతాది ఒకసారి. కాగితం మీది మాట వేరు, తలుపు అవతలి నుంచి వచ్చే గొంతు వేరు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. స్టోరులో అట్టపెట్టెల మధ్య నిలబడి, వచ్చే ఆ పిలుపుకు ఎలా తల ఊపాలో కూడా సాధన చేశాడు.

బదిలీకి పది రోజుల ముందు, గురువారం సాయంత్రం, మందిరం గుమ్మంలో బూట్లు విప్పి తలుపు మూడుసార్లు తట్టాడు. అందరికన్నా కొత్తగా చేరినవారు తలుపు దగ్గర ఉండటం అక్కడి పద్ధతి.

"ఎవరది?"

"తమ్ముడిని."

లోపల కాగితం గరగరలాడింది. "ఆ పేరుతో ఎవరికీ అనుమతి లేదు," అంది బాగా తెలిసిన గొంతు. "సరిగ్గా చెప్పు."

బూట్లాయన పక్కకు చూశాడు. గోడవారగా బారుగా బూట్లు. ఒక తొమ్మిది నంబరు జతలోంచి దూది తొంగిచూస్తోంది. అది తను ఇచ్చిన దూదే.

"నాలుగు వేల నాలుగు వందల పదిహేడు," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా గోడ మీద 'ఇచ్చట అందరూ సోదరులే' అని ఉంది. దాని కింద దళాధికారి గారు, మెడలో నీలం పట్టీతో, ఉత్త కాళ్లతో.

"రా, పదిహేడూ," అన్నారాయన, ఎంతో ఆప్యాయంగా.

బూట్లాయన తల వంచి ఆ పాదాల వంక చూశాడు. దూది లేకుండా వాటిని చూడటం అదే మొదటిసారి. "వస్తున్నా, ఏడున్నరా" అన్నాడు, మందిరం నియమాలకు లోబడి, మనసులోనే.