తలుపు అవతల అడుగులు

ఆ ఉదయం చప్పుళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, గుమ్మం పక్క కొక్కేనికున్న సంచీ అందుకోవడం, స్టూడియోకి వెళ్ళి ఒక దయ్యాన్ని నడిపించడం, ఆ తర్వాత థియేటర్లో జనం దడుచుకుంటుంటే వెనక వరసలో కూర్చుని చూడడం.

తెర మీది మనుషులకు చప్పుళ్ళు చేసిపెట్టడం ఆయన వృత్తి. హీరో మెట్లెక్కుతుంటే, మైకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులకు బూట్లు తొడుక్కుని ఆ మెట్లెక్కేది ఆయనే. వానలు, గుర్రాలు, చెంపదెబ్బలు, అన్నీ ఆయన చేతి చలవే.

"నాన్నా, రాత్రి మళ్ళీ తలుపు గడియ వెయ్యలేదు," అంది కూతురు.

"మర్చిపోయానమ్మా."

"రోజూ మర్చిపోతే దాన్ని మతిమరుపు అనరు. ఏ దొంగో వస్తే?"

"వచ్చి ఏం పట్టుకెళ్తాడే, నా గుర్రపు డెక్కలా?" అంటూ ఆయన సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు.

నడిపించాల్సిన దయ్యం కొరియా నుంచి వచ్చింది. తెలుగు మాటలు పెట్టడానికి కొరియా మాటలు తీసేస్తే, వాటితో పాటు చప్పుళ్ళూ ఊడిపోయాయి. అందుకే ఈయన్ని పిలిచారు. కథ చిన్నదే. భార్య ఏట్లో మునిగిపోయింది. శవం దొరకలేదు. కొన్నాళ్ళకు పొగమంచులో ఇంటి బయట అడుగులు వినిపిస్తాయి, ఎవరో తలుపు తడతారు. మొగుడు లేవబోతే, "అది అమ్మ కాదు నాన్నా," అంటుంది పిల్ల. అతను తలుపు మీద చెయ్యి వేస్తాడు. అంతే, తెర నల్లబడుతుంది. వచ్చింది భార్యో, భార్య వేషంలో ఇంకేదో, సినిమా తీసినవాడు చెప్పడు.

"మాస్టారూ, మీ దయ్యం కూరలు కొనడానికి వెళ్తున్నట్టు నడుస్తోందండీ. బరువు కావాలి. అడుగు పడితే జనం గుండె జారాలి," అన్నాడు నిన్న, ఆ సినిమా తెలుగు హక్కులు కొన్న నిర్మాత. అందుకే ఈవేళ ఇనుప నాడాల బూట్లతో ఆ చివరి నడక మళ్ళీ నడవాలి.

స్టూడియోలో సంచీ తెరిచాడు. బూట్లు లేవు. భార్య ఇంట్లో వేసుకు తిరిగే చెప్పులున్నాయి.

పాత కర్టెను గుడ్డతో ఆవిడ కుట్టిన సంచులు ఇంట్లో రెండున్నాయి. రెండోది కొక్కేనికి ఎప్పుడెక్కిందో ఆయనకు తెలియదు. ఆవిడ పోయినప్పటి నుంచీ ఆ చెప్పులు మంచం కిందే ఉన్నాయి. రోజూ చూస్తాడు గాని ఒక్కసారీ ముట్టుకోలేదు.

"ఏంటి మాస్టారూ, అక్కడ థియేటర్లో ప్రివ్యూకి జనం వచ్చేస్తున్నారు!" అని అద్దం అవతల నుంచి నిర్మాత గడియారం చూపించాడు.

ఇంటికెళ్ళి వచ్చే వ్యవధి లేదు. చెప్పుల్లో చేతులు పెట్టాడు. ఆవిడ కాలివేళ్ళు పడి పడి ఏర్పడిన గుంటలు ఆయన చేతివేళ్ళకు తగిలాయి. ఎడమ పట్టీ తెగితే ఆవిడే కుట్టుకుంది. ఆ కుట్టు వల్ల ఎడమ అడుగు కాస్త ఈడ్చినట్టుండేది. కుడి, ఈడ్పు, కుడి, ఈడ్పు. గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేది, ఈయన నిద్రపోయాడేమో చూసుకోవడానికి. చేతులు వాటంతటవే అలా నడిచాయి, అలాగే ఆగాయి.

తెర మీద వాళ్ళందరి కాళ్ళకూ చప్పుడు చేసిపెట్టినవాడు, ఇంట్లో నడక ఒక్కటీ పట్టి దాచుకోలేదు. ఇదిగో, ఇప్పుడు దొరికింది.

"ఇది చెరిపెయ్యకు బాబూ," అన్నాడు రికార్డింగు అబ్బాయితో.

థియేటర్లో సినిమా బాగానే నడిచింది, చివరి నడక దాకా. కుడి, ఈడ్పు, కుడి, ఈడ్పు, ఆగడం. జనం కేక పెట్టాల్సిన చోట రెండో వరసలో బామ్మగారొకావిడ ముక్కు చీదుకుంది.

"తియ్యవయ్యా తలుపు! పాపం, మంచులో ఎంతసేపు నిలబడుతుంది?"

"తియ్యకు, తియ్యకు! తీస్తే మింగేస్తుంది!" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

తెర నల్లబడింది. చీకట్లో ఒక భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, నేనైతే తలుపు తీస్తారా?"

ఆవిడ పక్కనున్న కళ్ళజోడు భర్త వెంటనే తీస్తానని ఉంటే ఆ రోజు అంతటితో గడిచిపోయేది. ఆయన ఆలోచించాడు.

"ఆలోచిస్తున్నారా!"

"అది కాదే, ముందు ఎవరని అడుగుతాను..."

"ఇన్నేళ్ళు కాపురం చేశాక నా అడుగు చప్పుడు తెలీదూ? కళ్ళు మూసుకోండి!"

దీపాలు వెలిగేసరికి ఆవిడ నడవలో నడుస్తోంది. ఆ వెనక ఇంకో భార్య లేచింది, ఆ వెనక ఇంకొకావిడ. భర్తలందరూ కళ్ళు మూసుకుని పరీక్ష రాస్తున్నారు. వరసగా తప్పుతున్నారు. అంతలో ఒక బట్టతల పెద్దమనిషి మొహం వెలిగిపోయింది. "ఇది మాత్రం నాకు బాగా తెలుసు!"

కళ్ళు తెరిస్తే ఎదురుగా ఉన్నది పక్కింటావిడ. అక్కడి నుంచి ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

నిర్మాత జుట్టు పీక్కుంటూ వెనక వరసకొచ్చాడు. "భయపెట్టమంటే కాపురాల్లో నిప్పులు పోశారేంటండీ! ఆ చప్పుడు ఇప్పుడే చెరిపించేస్తా. కంప్యూటర్లో రెడీమేడ్ అడుగులున్నాయి, అవే వేయిస్తా."

చప్పుళ్ళాయన లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి.

"చెరిపే ముందు ఒక్కసారి వేయించండి. విని వెళ్ళిపోతాను."

ఆ మొహం చూసి నిర్మాత కాదనలేకపోయాడు. దీపాలార్పించాడు. ఏం జరుగుతోందోనని పోట్లాడుకునేవాళ్ళు కూడా నోళ్ళు మూశారు.

అదే సమయానికి బయట వసారాలో కూతురు పరుగెత్తుకొస్తోంది. చెప్పులున్న సంచీ పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని కొక్కేనికి తగిలించింది తనే. మిగిలిన సంచీని చూడకుండా వాడి చేతిలో పెట్టింది. వాడు నాన్న బూట్లు తొడుక్కుని టకటకలాడుతూ వీధి మలుపు తిరుగుతుంటే విషయం అర్థమైంది. అమ్మ చెప్పులు నాన్న దగ్గరున్నాయి. ఏమనుకుంటున్నాడో. రొప్పుతూ హాలు తలుపు దగ్గరకొచ్చింది.

లోపల నుంచి వినిపించింది. కుడి, ఈడ్పు, కుడి, ఈడ్పు. ఆగడం.

తెర మీద అతను తలుపు మీద చెయ్యి వేశాడు. తెర నల్లబడింది. సరిగ్గా అప్పుడు హాలు తలుపు ధడాలున తెరుచుకుంది. వెలుతురులో జుట్టు రేగిన ఆడమనిషి.

"అమ్మా!"

హాలు హాలంతా పెట్టిన కేకకు పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. బట్టతల పెద్దమనిషి వెళ్ళి తన సొంత భార్యనే వాటేసుకున్నాడు.

"ఇదీ! ఈ కేకే నాక్కావలసింది!" నిర్మాత గంతులేశాడు. "ఒక్క చప్పుడు కూడా ముట్టుకోవద్దు. అమ్మాయ్, రోజూ నాలుగాటలకీ రాగలవా?"

బయటకు వెళ్తూ బామ్మగారు చప్పుళ్ళాయన చెయ్యి పట్టుకుంది. "ఇంతకీ ఆవిడ దయ్యమా, పెళ్ళామా నాయనా?"

"నాకూ తెలీదండీ. చెప్పులు మాత్రం మా ఆవిడవి."

తండ్రీకూతుళ్ళు నడిచే ఇంటికి బయల్దేరారు. సంచీ ఈసారి కూతురు మోసింది.

"అవి చూసినప్పుడల్లా నువ్వు అలా కూర్చుండిపోతున్నావని ఇచ్చేద్దామనుకున్నాను నాన్నా. నిన్ను అడగాల్సింది."

"అడిగితే సరేననేవాణ్ణి. అడక్కపోవడమే మంచిదైంది."

నడుస్తూ ఆయన సినిమా కథంతా చెప్పాడు.

"నువ్వైతే తలుపు తీసేవాడివా?"

ఆయన నవ్వి, ఎండ పడకుండా ఆమెను గోడ నీడవైపు నడవమన్నాడు. నాలుగడుగులు వేశాక కూతురు ఆగిపోయింది.

"నాన్నా, రాత్రిళ్ళు గడియ... నువ్వు మర్చిపోవట్లేదు కదూ?"

"తీసే శ్రమ లేకుండా ఉంటుందని," అన్నాడాయన, చెప్పుల సంచీ వైపు చూస్తూ.

ఆనాటి నుంచి గడియ మర్చిపోవడంలో ఇద్దరూ వంతులేసుకున్నారు. ఇంతవరకూ పోయింది ఒక గొడుగు మాత్రమే.