తెల్లబోయిన దిబ్బ అర్జీ

చోడిపల్లి మసేనమ్మ వెంట సముద్రంలోని పగడపు దిబ్బ సోమవారం పదింటికే జిల్లా అర్జీల హాలుకి బస్సులో వచ్చి, టోకెన్ తీసుకుని వరుసలో కూర్చుంది. కండక్టరు రెండు సీట్ల టిక్కెట్టు కొట్టి ఊరుకున్నాడు.

ఆవగింజంత ప్రాణులు ఒకదాని మీద ఒకటి ఇళ్లు కట్టుకుంటూ ఏడు వేల ఏళ్లలో లేపిన ఊరది. కొమ్మల్లో చేపపిల్లలు ఇంకా దాక్కునే ఉన్నాయి. ఒళ్లంతా ఒకటే తెలుపు. ఆ వెలుగు చూసి పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు చెప్పులు విడిచారు.

గుమాస్తా సూర్యచంద్రరావు కూడా లేచి నిలబడే వివరాలు రాసుకున్నాడు. కంప్యూటరు 1900కి ముందు పుట్టినవాళ్లను ఒప్పుకోదు కాబట్టి ఆ ఏడాదే వేశాడు.

"సమస్యేంటమ్మా?"

"తెల్లబోయింది బాబూ. నీళ్లు కాగిపోతన్నాయి. దీని ఒంట్లో నాచు కాపరముంటాది. రంగూ అదే, కూడెట్టేదీ అదే. ఏడికి తాళలేక ఇదే దాన్ని బయటికి తోసేసినాది. నెల్లోపల నీళ్లు సల్లబడితే మల్లీ ఒస్తాది. లేపోతే ఇది ఆకలికి సచ్చిపోద్ది. మా ఊరి వలలన్నీ దీన్నే నమ్ముకున్నాయి."

అతను "తెల్లబోయింది" అని ఉన్నదున్నట్టు రాశాడు. పై అధికారి నిఘంటువు చూసి, అర్జీని 'ఆశ్చర్యం' విభాగంలో చేర్చారు. ఆశ్చర్యానికి నీళ్లు చల్లబరచాలన్న నిబంధన లేదు. దేనికి ఆశ్చర్యపోయిందో దిబ్బ సంజాయిషీ ఇవ్వాలని నోటీసు వెళ్లింది.

మసేనమ్మ మళ్లీ వచ్చింది. "ఆచ్చర్యం కాదు బాబూ, సావు!"

"చావుకి వేరే కౌంటరమ్మా. అది జరిగాక రావాలి."

దిబ్బకి మాటలు రావు. దాని తరఫున ఆమే సంజాయిషీ రాయించింది: 'సముద్రం కాగుతుంటే మీలో ఒక్కరూ తెల్లబోలేదు. అదే దీని ఆశ్చర్యం.' అధికారి రెండుసార్లు చదివి, 'వివరణ సంతృప్తికరం' అని సంతకం పెట్టారు.

ఇరవై ఆరో రోజున ఆమె సముద్రంలో, దిబ్బకి సరిగ్గా పైన పడవలో ఉండగా ఫోను మోగింది. అర్జీ పరిష్కారమైందట. సంతృప్తి చెందితే ఒకటి నొక్కాలి. లేదంటే రెండు, అప్పుడు విచారణ మొదటినుంచి, నలభై అయిదు రోజులు.

ఆమె వంగి చూసింది. అడుగున పట్టపగలే వెన్నెల కాసినట్టుంది. ఎక్కడా చేప కదలడం లేదు. నీళ్లలో చెయ్యి పెడితే అప్పుడే వార్చిన గంజిలా తగిలింది. తెల్లటి కొమ్మల చివర్లకి అప్పుడే బూజులాంటి పాచి పట్టింది. కాపరానికి తిరిగొచ్చిన నాచు కాదది, చచ్చినదాని మీద పట్టేది.

"నలబై అయిదు రోజులు ఎవులికున్నాయి నాయనా," అని ఒకటి నొక్కింది.

ఆ నెల జిల్లాలో అర్జీదారులందరూ సంతృప్తి చెందారు.