మృదంగంతో కూడిన విరామం

సంగీతాభిమానులందరికీ సంతోషంగా తెలియజేయడమేమిటంటే, మన మృదంగాయన ఆరు ఊళ్ళ విదేశీ పర్యటన దిగ్విజయంగా ముగించుకుని క్షేమంగా తిరిగొచ్చేశారు. మృదంగం కూడా క్షేమమే. ఎయిర్‌పోర్టులో ఎడమవైపు చిన్న పెచ్చు ఊడింది, అంతే. ఈ పర్యటనలో ఆయన తని ఆవర్తనాన్ని ఒక హాలు హాలంతా కదలకుండా కూర్చుని వింది. నమ్మరని తెలుసు. అందుకే మొదటినుంచీ చెప్తాను.

తని అంటే తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే (ఉండరనుకోండి, తని అనగానే ఎక్కడికెళ్ళాలో మనందరికీ తెలుసు), కచేరీలో పెద్ద పాట మధ్యలో పాడేవాళ్ళు ఆగిపోతారు, వయొలిన్ ఆగిపోతుంది, ఓ పదిహేను నిమిషాలు మృదంగం ఒక్కటే మోగుతుంది. గంటన్నరపాటు ఇంకొకళ్ళ పాట వెనకాల నడిచిన మనిషికి అదొక్కటే సొంత టైము. సరిగ్గా ఆ క్షణంలోనే శ్రోతల మూత్రకోశం నిద్రలేస్తుంది. మన మూత్రకోశానికున్న తాళజ్ఞానం ఇంకే అవయవానికీ లేదు. గంటన్నర కిక్కురుమనకుండా పడుంటుంది, గాయకుడు మృదంగం వైపు చెయ్యి చూపించగానే ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా లేస్తుంది.

కాబట్టి మన మృదంగాయన ఇరవై రెండేళ్ళుగా వాయిస్తున్నది కుర్చీలకి. ప్లాస్టిక్ కుర్చీలు, ఇనప కుర్చీలు, ముట్టుకుంటే మడతపడిపోయే కుర్చీలు. ఏ కుర్చీ ఎలా వింటుందో ఆయనకి కంఠతా వచ్చు.

అలాంటి మనిషి పదకొండు నెలలు కూర్చుని ఒక ముక్తాయింపు కట్టాడు. ముక్తాయింపంటే తని చివర్లో మూడుసార్లు వాయించే లెక్క. మూడోసారి అది ముగిసిన చోటే పాట మళ్ళీ ఎత్తుకోవాలి, వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు. బస్సు కిటికీ ఊచల మీద, డైనింగ్ టేబుల్ అంచు మీద, భార్య స్టీలు డబ్బా మూతల మీద కట్టాడు దాన్ని. ఆఖరికి ఓ రోజు మూతలు పక్కన పెట్టి భార్యతో గంభీరంగా ప్రకటించాడు.

"ఈ టూర్లో ఒక్కటంటే ఒక్క హాలు కూర్చుని ఇది వినకపోతే, మృదంగం అటకెక్కించేస్తాను. ఇక మీ తమ్ముడి జిరాక్స్ షాపులో కూర్చుంటా."

ఆవిడ "సరే" అంది. ఆవిడకి భర్త మాట మీద చాలా నమ్మకం. ఆయన సూట్‌కేసు సర్దుకునేలోపే అటక మీద చోటు ఖాళీ చేసి, దుమ్ము దులిపి, పాత దుప్పటి కూడా పరిచి పెట్టింది.

బృందం ముగ్గురే. పాడేది ఆయన బావగారు, అంటే అక్క మొగుడు. అందుకని స్టేజీ మీద గొడవొస్తే అది ఇంటిదాకా వెళ్తుంది, కాబట్టి గొడవ రాదు. వయొలిన్ వాయించేది అందరూ వయొలినక్క అనే ఆవిడ. యాభై దాటాయి, కమానుకన్నా నాలుక పదును.

"అక్కడివాళ్ళు క్రమశిక్షణ ఉన్నవాళ్ళక్కా, హారన్ కూడా కొట్టరట. తని కచ్చితంగా వింటారు," అన్నాడు మృదంగాయన విమానంలో.

"పిచ్చి సన్నాసీ, అక్కడ టికెట్టు కొనేదీ మనవాళ్ళే కదరా," అని వయొలినక్క ముసుగు తన్నింది.

మొదటి ఊళ్ళో కచేరీ ఒక స్కూలు ఆటల హాల్లో. బాస్కెట్‌బాల్ బుట్ట సరిగ్గా బావగారి తలమీద వేలాడుతోంది. స్థానిక కళాసంఘం అధ్యక్షులవారు సంగీతం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, సంగీతానికి గంటన్నర మిగిల్చారు. ఇది మామూలు కన్నా ఎక్కువే. పెద్ద పాట వచ్చింది, బావగారు చెయ్యి చూపించారు, మృదంగాయన ఊపిరి పీల్చుకుని మొదటి దెబ్బ వేశాడు. అప్పుడు అధ్యక్షులవారు మైకు దగ్గరికొచ్చారు.

"ఇప్పుడు మృదంగం సోలో ఉంటుంది కాబట్టి, బయట టీ, బిస్కెట్లు సిద్ధంగా ఉన్నాయని తెలియజేస్తున్నాం. కారు లైట్లు ఆర్పకుండా వచ్చినవాళ్ళు కూడా ఈ అవకాశాన్ని వినియోగించుకోగలరు."

వినియోగించుకున్నారు. హాల్లో ముగ్గురు మిగిలారు. ఒకరు నిద్రలో ఉన్నారు, ఒకరు ఆయన్ని లేపుతున్నారు. మూడో ఆయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. మృదంగాయన ప్రాణం లేచొచ్చి, ఆయన కోసమే వాయించాడు. తర్వాత తెలిసింది, ఆయన మైకుల మనిషి, చెవుల్లో వేరే ఏదో పాట పెట్టుకున్నాడని.

రెండో ఊరివాళ్ళు ఇంకా పద్ధతిగలవాళ్ళు. కార్యక్రమం ముందే అచ్చు వేయించారు, మంచి మందపాటి కాయితం మీద. "ఏడు గంటల పది నిమిషాలకు: విరామం (మృదంగంతో)." ఆ కాయితం మృదంగాయన చాలాసేపు చూసుకున్నాడు. ఎంతైనా విదేశంలో అచ్చయిన మొదటి పేరు కదా.

మూడో ఊళ్ళో తని టైముని వృథా పోనివ్వకుండా పిల్లలందరినీ స్టేజీ మీదికెక్కించి కళాకారులతో గ్రూప్ ఫొటో తీశారు. ఆ ఫొటోలో ముప్పై రెండుమంది పిల్లలూ నవ్వుతున్నారు, వెనకాల ఒక చెయ్యి మాత్రం గాల్లో ఉంది. అది మృదంగాయనది. నాలుగో ఊళ్ళో అదే టైములో లక్కీ డ్రా తీశారు, మధ్యమధ్యలో ఆయన దెబ్బలు మంచి ఉత్కంఠ కలిగించాయని అందరూ మెచ్చుకున్నారు. ఐదో ఊళ్ళో, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, తాళం వేస్తున్న బావగారే లేచారు.

"అక్కా, కాస్త తాళం చూసుకో, రెండు నిమిషాల్లో వచ్చేస్తా," అని వయొలినక్క చెవిలో చెప్పి, ఆయన కూడా శ్రోతలతో కలిసిపోయారు. ప్రజల మనిషి.

బస ఏర్పాట్లు మాత్రం బ్రహ్మాండం. అభిమానుల ఇళ్ళలోనే. బావగారికి గెస్టురూం, వయొలినక్కకి అమ్మాయి గది, మృదంగాయనకి పిల్లల బొమ్మల గదిలో గాలి కొట్టిన పరుపు. తెల్లారేసరికి గాలి పోయి మనిషీ నేలా ఒకటయ్యేవి. ఐదో ఊరి ఆతిథ్యమిచ్చిన ఆవిడ చాలా ఆప్యాయంగా అడిగింది.

"మీరేం చేస్తుంటారు అన్నయ్యగారూ?"

"మృదంగమండీ."

"అయ్యో, అది చూశాం కదా. అది కాక ఏం చేస్తుంటారని."

ఆ పొద్దున ఇంటికి ఫోన్ చేస్తే భార్య ఏమీ అడగలేదు. "అటక మీద చెదలమందు కూడా చల్లాను," అని మాత్రం చెప్పింది.

ఇంక ఒక్క ఊరే మిగిలింది. అక్కడి సంఘంవాళ్ళకి ఎక్కడలేని పౌరుషం వచ్చి, మొట్టమొదటిసారి నిజమైన కచేరీ హాలు తీసుకున్నారు. నాలుగొందల సీట్లు, ఎర్ర మఖమలు, దగ్గితే సిగ్గేసేంత నిశ్శబ్దం. మధ్యాహ్నం మైకులు సరిచూసుకుంటుంటే, తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న ఒక ఆవిడ కనిపించింది. ఆ హాలు ఉద్యోగి, మన భాష రాదు. వచ్చీరాని ఇంగ్లీషులో మృదంగాయన బాత్రూం ఎటని అడిగితే ఆవిడ దారి చూపించి, ఒక రూలు చెప్పింది. ఒక పాట మొదలైందంటే అది పూర్తయ్యేదాకా తలుపులు తియ్యరట. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు.

మృదంగాయన చెవుల్ని నమ్మలేదు. "పాట మధ్యలో మృదంగం ఒక్కటే మోగినా?"

"పాట అయిందా?"

"కాలేదు."

"అయితే తియ్యను."

"టీ కోసం వెళ్తామంటే?"

"టీ ఎక్కడికీ పోదు," అంది ఆవిడ. ఇరవై రెండేళ్ళలో మృదంగాయనతో ఎవరూ ఇంత ప్రేమగా మాట్లాడలేదు.

ఆయన పరిగెత్తుకుంటూ గ్రీన్‌రూంకి వెళ్ళాడు. "బావా, ఇవాళ నాకు పదిహేను నిమిషాలు కావాలి."

"పాతిక తీసుకోరా, ఎవడుంటాడని!" అన్నారు బావగారు ఉదారంగా. వయొలినక్క మాత్రం ఆయన మొహం అనుమానంగా చూసి, "ఏంట్రా, జ్వరం వచ్చినవాడిలా ఉన్నావ్?" అంది.

సాయంత్రం పెద్ద పాట నడిచింది, బావగారు చెయ్యి చూపించారు. నాలుగొందల మంది ఒక్కసారిగా లేచారు. నల్లకోటావిడ తలుపుకి అడ్డంగా నిలబడింది. ముందు వరస మన పెద్దలు వెళ్ళి నచ్చజెప్పారు. "ఇది పాట కాదమ్మా, ఇది మృదంగం," అన్నారు. ఆవిడ స్టేజీ వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. ఆ ఊరి సంఘం అధ్యక్షులవారు తానెవరో చెప్పుకున్నారు. అదీ పనిచెయ్యలేదు. మూడు నిమిషాల చర్చల తర్వాత నాలుగొందల మందీ వెనక్కొచ్చి కూర్చున్నారు. ఫోన్లు తీశారు. ఆ హాల్లో సిగ్నల్ రాదు. ఇంక దిక్కులేక, తరతరాల సంప్రదాయాన్ని తుంగలో తొక్కి, స్టేజీ వైపు చూశారు.

ఆయన వాయించాడు. ముందు మెల్లగా, ఎడమచేత్తో ఒక్కో దెబ్బా వదిలి అది హాలు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేదాకా ఆగి, ఇంకోటి వదిలాడు. తర్వాత కుడిచేతి వేళ్ళు కలిశాయి, ఒకటి అడుగుతుంటే ఇంకోటి జవాబు చెప్తున్నట్టు, జవాబు రాకముందే ఇంకో ప్రశ్న వేసినట్టు, పొద్దున్నే బడికి తెములుతున్న ఇంట్లోలాగా అన్నీ ఒకేసారి మొదలై ఏదీ దేనికీ తగలకుండా నడిచింది. మూడో వరసలో టై కట్టుకున్న ఒకాయన మోకాలి మీద తాళం వేశాడు, తప్పు వేశాడు, సిగ్గుపడి సరిదిద్దుకున్నాడు. నడక రెట్టింపైంది, మళ్ళీ రెట్టింపైంది, అప్పుడు ముక్తాయింపు ఎత్తుకున్నాడు. మొదటిసారి, పదకొండు నెలలూ అనుకున్నట్టే వచ్చింది. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. మూడోసారి సగంలో ఉండగా ఎందుకో తలెత్తి చూశాడు. కుర్చీల్లో మనుషులున్నారు. నాలుగొందల మొహాలు, అన్నీ తనవైపే. కుర్చీలకి అలవాటైన చేతులకి ఒక్కసారిగా సిగ్గేసింది, భయమేసింది. ఒక దెబ్బ మింగేశాడు. పాట ఎత్తుకోవాల్సిన చోటికి వెంట్రుకవాసి ముందే వచ్చి పడ్డాడు. బావగారి చెయ్యి మర్యాదకొద్దీ అక్కడికే వచ్చేసింది, పాట అక్కడినుంచే ఎత్తుకున్నారు, ఒక్క నిమిషంలో ముగించేశారు.

చివరి అక్షరం పడిందో లేదో, నాలుగొందల మందీ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు. తలుపులు తెరుచుకున్నాయి. లేచినవాళ్ళు ఎటు పరిగెత్తారో ఫొటోలో పడలేదు, లేవడం మాత్రం పడింది. మర్నాటికల్లా ఆ ఫొటో అన్ని గ్రూపుల్లోనూ తిరిగింది. "మృదంగ విన్యాసానికి విదేశీ గడ్డపై లేచి నిలబడి నీరాజనం!"

హాలునుంచి వెళ్తున్న కారులో బావగారు చాలా ఉత్సాహంగా ఉన్నారు. "చూశావురా, నేనిచ్చిన పాతిక నిమిషాల మహిమ!" మృదంగాయన ఒళ్ళో మృదంగం పెట్టుకుని, అటక గురించే ఆలోచిస్తున్నాడు. ఎవరూ వినకపోతే ఎక్కిస్తానన్నాడు. నాలుగొందల మంది విన్నారు, దెబ్బ తప్పిందని ఒక్కరికీ తెలియలేదు. దీనికేం చెయ్యాలో ఒప్పందంలో లేదు.

పక్కనే కూర్చున్న వయొలినక్క కిటికీలోంచి చూస్తూనే అంది. "మూడోసారి ఒక దెబ్బ మింగేశావు కదరా వెధవా."

మృదంగాయన తల తిప్పాడు. "నీకు తెలిసిందా అక్కా?"

"తెలియకపోవడమేంటి? మొదటి ఊరినుంచీ వింటూనే ఉన్నా. పక్కన కూర్చుంటా కదా, ఎక్కడికి పోతాను? రెండో ఊళ్ళో బాగా వాయించావు."

ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పర్యటన మొత్తం మీద ఆయనకి దొరికిన ఒకే ఒక్క ప్రశంస ఆ తిట్టు.

ఇంటికొచ్చాక జరగాల్సినవన్నీ యథావిధిగా జరిగాయి. ఘనసన్మానం ఏర్పాటైంది. "నాలుగొందల మందిని లేపి నిలబెట్టిన చేతులివి! ఈ చేతులు మన చేతులు!" అని ఒక పెద్దమనిషి గంట మాట్లాడి, బరువైన మెమెంటో చేతిలో పెట్టాడు. తర్వాత ఆ చేతులతో ఓ పది నిమిషాలు వాయించమని కోరారు. ఆయన మృదంగం ఒళ్ళోకి తీసుకోగానే మైకులో ఇంకో ప్రకటన వచ్చింది. టీ బయట సిద్ధంగా ఉందట.

ఆయనేం బాధపడలేదు. ముందు వరసలో వయొలినక్క కూర్చుని తాళం వేస్తోంది, ఆవిడ పక్కన ఆయన భార్య. ముక్తాయింపు మూడోసారి కూడా సరిగ్గా వచ్చి పడింది. "ఆఁ," అంది వయొలినక్క. ఆ రోజునుంచీ మృదంగం కిందే ఉంది. అటక మీద ఖాళీ చేసిన చోట, చెదలమందు చల్లిన పాత దుప్పటి మీద, మెమెంటో పెట్టారు.

ఇంతకీ మీరు నిజం చెప్పండి. పైన ఆయన వాయించిన ఆ పొడుగాటి పేరా ఉంది చూశారూ, మూడో వరసలో టై కట్టుకున్నాయన ఉన్నది, అది చదివారా, లేకపోతే అక్కడ కాస్త లేచి టీ పెట్టుకుని వచ్చారా? మొహమాటపడకండి. ఇక్కడ నల్లకోటావిడ లేదు, తలుపు తీసే ఉంది.