పౌలు కుంటలో జిలేబి నివారణ

పెద్దపల్లి జిల్లా దేవక్కపల్లెలో, పౌలు అనే రైతు సొంత చేపల కుంటలో, అక్కరలేని చేపల నివారణ నిమిత్తం ఒక కమిటీ ఏర్పాటైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కమిటీ కావాలని పౌలు అడగలేదు. అడిగిన చోట కమిటీలు ఎప్పుడు ఏర్పడ్డాయో పాఠకులకు తెలియనిది కాదు. మేము పక్క ఊరి వాళ్లం. మాకూ ఒక కుంట ఉంది. కాబట్టి జరిగినదంతా దగ్గరుండి చూసి, నేర్చుకోవలసింది నేర్చుకుని, మీ మేలు కోరి రాస్తున్నాము.

పౌలు పొలం పక్కనే కుంట తవ్వించి, రవ్వ, బొచ్చె చేప పిల్లల్ని తెచ్చి పోశాడు. తవుడు, పల్లి చెక్క మేతగా వేసి సాకాడు. అంతటితో ఊరుకోక, ఒక ఆదివారం పాస్టర్ జోయల్ గారి ముందు, సంఘమంతా వింటుండగా, కోత పండుగ నాడు తన కుంట చేపలతోనే అందరికీ భోజనం పెడతానని మొక్కుకున్నాడు. దేవక్కపల్లె మెథడిస్టు సంఘంలో ఇచ్చిన మాట తప్పిన వాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనరు. ప్రార్థనలో అతని పేరు చదివి, దేవుడు ఇతనికి సహాయం చేయుగాక అంటారు, అది కూడా ప్రతి ఆదివారం. అందుకే పౌలు ఆ చేపల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు.

వానాకాలంలో కాలువ నీళ్లతోపాటు కుంటలోకి జిలేబి వచ్చింది. జిలేబి అరచేయంత చేప. దాన్ని ఎవరూ తెచ్చి పోయరు, అదే వస్తుంది. వచ్చిన కొన్నాళ్లకే పిల్లాపాపలతో కుంటంతా నిండిపోతుంది. వేసిన మేత రవ్వ నోరు తెరిచేలోగా ఖాళీ చేస్తుంది. ఈ సంగతి ముందుగా గమనించింది పౌలు భార్య బుచ్చవ్వ.

"మనం ఏసే చెక్క మన చేపలకు అందుతలే. సన్న కండ్ల వల తెచ్చి గీ జిలేబిని జల్ది తీసెయ్యి," అంది.

పౌలు సరేనన్నాడు. అక్కడితో సమస్య తీరిపోయేదే. కానీ అతను చాయ్ హోటల్లో కూర్చుని, సన్న వల ఎక్కడ దొరుకుతుందని పైకి అడిగాడు. పక్క బల్ల మీద అంతయ్య ఉన్నాడు.

అంతయ్య గారు మాజీ వార్డు మెంబరు. ఇతరుల కష్టం చూసి ఓర్వలేని మనిషి. ఆ కష్టం ఎంత చిన్నదైనా దాన్ని పెంచి పెద్ద చేసేదాకా నిద్రపోరు.

"పౌలూ, గిది నీ ఒక్కని సమస్య అనుకుంటున్నవా? ఊరి సమస్య గిది. నువ్వు జర ఫికర్ చెయ్యకు," అన్నారు.

"అంతన్నా, ఒక సన్న వల దొరికితే చాలు. నేనే తీసుకుంట."

"వల సంగతి తర్వాత. ముంగట కమిటీ."

మరునాడే టెంట్ హౌస్ షోయబ్ కుంట గట్టు మీద ఎర్ర కుర్చీలు దింపి, షామియానా కట్టి, మైకు పెట్టాడు. కుర్చీల మధ్య పౌలు నిలబడ్డాడు, ఎందుకంటే కుర్చీలన్నీ సభ్యులకు సరిపోయాయి. అంతయ్య గారు ఏకగ్రీవంగా అధ్యక్షులయ్యారు. పాస్టర్ జోయల్ గారికి గౌరవ సలహాదారు పదవి, దానితోపాటు ఒక కుషన్ కుర్చీ దక్కాయి.

"సోదర సోదరీమణులారా," అని అధ్యక్షులు అచ్చమైన పుస్తక భాషలో మొదలుపెట్టారు, తర్వాత భాష దారి తప్పింది. "ఎక్కడికెళ్లో వచ్చి, మన నీళ్లల్ల ఉండి, పైస పని చెయ్యకుంట మన మేత తినేటి జిలేబిని గీ కుంటల ఉండనియ్యం. పరాయి మేత తినుడు ఎంత సిగ్గుమాలిన పనో గా చేపకు తెల్వాలె."

బుచ్చవ్వ పొయ్యి మీది నుంచి పంపిన మిర్చి బజ్జీలు అప్పటికి రెండో పళ్లెం పూర్తయ్యాయి. మూడో పళ్లెం వచ్చేదాకా సభను ముగించడం భావ్యం కాదని సభ్యులు అభిప్రాయపడ్డారు.

కమిటీ తొందరపడి ఏ పనీ చేయలేదు. కుంటలో ఎవరు స్థానికులో, ఎవరు పరాయివాళ్లో ముందు తేల్చాలని ఉపసంఘం వేసింది. ఉపసంఘం విచారించగా ఒక ఇబ్బంది ఎదురైంది. జిలేబిలన్నీ ఈ కుంటలోనే పుట్టాయి. రవ్వలూ బొచ్చెలూ మాత్రం కోస్తా నుంచి ప్లాస్టిక్ సంచుల్లో లారీ ఎక్కి వచ్చాయి. సభ్యులు మరో పళ్లెం బజ్జీలు నమిలి, కొనుక్కొచ్చినది స్థానికం, ఊరికే పుట్టినది పరాయిది అని నిర్ణయించారు. ఇంత చక్కని నిర్వచనం మేము మరెక్కడా వినలేదు.

ఇక వల. అధ్యక్షుల దగ్గర ఒక వల ఉంది. ఎప్పుడో మంచిర్యాలలో గోదావరి చేపల కోసం కొన్నది. పెద్ద పెద్ద చేపలకు తప్ప చిన్నవాటికి పనికిరాదు. దాని కంట్లోంచి మనిషి పిడికిలి సులువుగా దూరుతుంది. పౌలు తన చెయ్యి దూర్చి చూపించాడు.

"అంతన్నా, గీ కండ్లల్లకెళ్లి జిలేబి ఉరుకుతది. రవ్వలే పడుతయి."

"మరి కమిటీ సన్న వల పట్టుకొని దిగాల్నా? చూసినోళ్లు మమ్ముల పరక చేపలు పట్టేటోళ్లు అనుకోరా?" అన్నారు అంతయ్య. కమిటీ గౌరవం గురించి పౌలు ఆలోచించనందుకు సభ్యులు నొచ్చుకున్నారు.

వల వేశారు. జిలేబిలు కండ్లలోంచి బయటికి పోయాయి. రవ్వలు పడ్డాయి. వాటిని నీళ్లలోకి వదలబోతే అధ్యక్షులు అడ్డుపడ్డారు. ఈ రవ్వలు జిలేబితో కలిసి బతికాయి కాబట్టి వాటిని విచారించాలని, ఆ విచారణ సభ్యుల ఇళ్లలో జరగాలని ఆదేశించారు. ప్రతి సభ్యుడూ తన వంతు సాక్షిని సంచిలో వేసుకుని వెళ్లాడు. విచారణలో రవ్వలు నిర్దోషులని తేలింది. తీర్పు వచ్చేసరికి ముళ్లు మిగిలాయి.

ఆ వానాకాలమంతా కమిటీ అలుపెరగకుండా పనిచేసింది. వల వేసిన ప్రతిసారీ రవ్వలూ బొచ్చెలూ తగ్గాయి, జిలేబిలు పెరిగాయి. జిలేబిలు పెరిగినకొద్దీ కమిటీ అవసరం పెరిగింది. పేపరు జిల్లా పేజీలో "జిలేబిపై దేవక్కపల్లె పోరు" అని ఫొటో వచ్చింది. ఫొటోలో అధ్యక్షులు వల పట్టుకుని నవ్వుతున్నారు. వెనకాల సగం మొహం కనిపిస్తున్నది పౌలుది. ఆ పేపరు చూసి అతను గట్టు కింద కూర్చుని ఏడ్చాడు. నవ్వులాటగా రాస్తున్నాం గానీ, ఆ మనిషిని అలా చూసినప్పుడు మాకూ బాధేసింది. అయితే మేము సభ్యులం కాము కాబట్టి జోక్యం చేసుకోలేదు.

కోత పండుగ రానే వచ్చింది. ఆ తెల్లవారుజామున పౌలూ బుచ్చవ్వా ఇంట్లోని పాత దోమతెర పట్టుకుని తామే కుంటలోకి దిగారు. ఆ మూల నుంచి ఈ మూల దాకా లాగినా ఒక్క రవ్వ పడలేదు, ఒక్క బొచ్చె పడలేదు. గంపల నిండా జిలేబి వచ్చింది.

"మాట పోయింది," అన్నాడు పౌలు.

"ఏం పోలే. పొయ్యి అంటువెట్టు. చింతపులుసు పోసినంక ఎవ్వలు గుర్తుపడుతరు?" అంది బుచ్చవ్వ.

ఎవరూ గుర్తుపట్టలేదు. చర్చి ఆవరణలో భోజనాల బంతులు సాగాయి. పెద్దవాళ్లు వేళ్లు నాకారు. పాస్టర్ గారు రెండోసారి వడ్డించుకునే ముందు మళ్లీ ఒకసారి క్లుప్తంగా ప్రార్థన చేశారు. అధ్యక్షులు పులుసు జుర్రుకుని, ఎడమ చేత్తో మైకు అందుకున్నారు.

"రవ్వ అంటే గిట్లుండాలె. జిలేబి పొడ లేకుంట చేసినం గనుకనే గీ రుచి. గిది కమిటీ రుచి."

పౌలుకు అబద్ధం మింగుడుపడదు. అది కూడా చర్చి ఆవరణలో. "అంతన్నా, మీరు తిన్నదే జిలేబి. రవ్వలు ఒక్కటి గుడ మిగలలే," అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. చేతులు మాత్రం ఆగలేదు. అధ్యక్షులు నోట్లో ఉన్న ముల్లు జాగ్రత్తగా తీసి విస్తరి అంచున పెట్టారు.

"మరి గింతమందిమి కూసుండి జిలేబిని తినుడంటే ఏంది? నివారణే గదా," అన్నారు.

చప్పట్లు మోగాయి. అక్కడికక్కడే రెండు తీర్మానాలు చేశారు. జిలేబి ఇకపై కావలసిన చేప. దాని మేతకు పోటీ వచ్చే రవ్వ ఇకపై అక్కరలేని చేప. రవ్వలు ఒక్కటీ మిగలలేదు కాబట్టి, వాటి నివారణకు కమిటీ గడువు పొడిగించారు.

సాయంత్రం గట్టు మీద కుర్చీల్లో కునుకు తీస్తున్న సభ్యుల్ని చూసి పౌలు భార్యను అడిగాడు, "గీళ్లను పట్టే వల ఏడన్న దొరుకుతదా?"

"గసొంటియి వలకు పడయి," అంది బుచ్చవ్వ అంట్లు తోముతూ. "మేత బందు వెట్టాలె."

మరుసటి సమావేశానికి బజ్జీలు రాలేదు. ఆ తర్వాతిదానికి చాయ్ కూడా రాలేదు. కమిటీ కొంతసేపు దారి చూసి, కుంట యజమాని సహకరించడం లేదని విచారం వ్యక్తం చేసింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. షోయబ్ వచ్చి కుర్చీలు ఎత్తుకుపోయాడు. పౌలు సన్న కండ్ల వల కొని, జిలేబిని తీసి, మళ్లీ రవ్వ పిల్లల్ని పోశాడు. సంఘంలో అతని కోసం ఎవరూ ప్రార్థన చేయడం లేదు. ఆదివారం రాగానే ఆడవాళ్లంతా బుచ్చవ్వ చుట్టూ చేరి, ఆ పులుసులో ఏం వేశావని అడుగుతున్నారు.

కమిటీ మాత్రం రద్దు కాలేదని పాఠకులు సంతోషించగలరు. నిన్న అంతయ్య గారు స్వయంగా మా ఊరు వచ్చారు. మా కుంటలో జిలేబి ఉన్న సంగతి ఆయన చెప్పేదాకా మాకే తెలియదు. మేము చూసినప్పుడు కనిపించలేదు, కానీ అంత పెద్దమనిషి గట్టు దాకా వచ్చి చెప్పాక కాదనడం మర్యాద కాదు. షోయబ్ ఎర్ర కుర్చీలు దింపాడు. మైకు సరిగ్గా పలుకుతోంది. మొదటి సమావేశానికి బజ్జీలు ఎవరి ఇంటి నుంచి రావాలన్న దానిపై ఊళ్లో గట్టి పోటీ జరిగింది. మేమే గెలిచాము.