మిగులు నురగ పథకం

అనగనగా అనేంత పాత సంగతేం కాదు. ఒక పెద్ద అడవిలో నూకాలు అనే గాడిద ఏటి రేవులో అందరి బట్టలూ ఉతికిపెట్టేది. పెరట్లోని కుంకుడు చెట్టే దాని బతుకు. ఏడాదికి ఒక్కటే కాపు. ఆ కాయలు మళ్లీ కాపు దాకా రావాలి.

అందుకే నూకాలు చుక్క నురగ కూడా పారబోసేది కాదు. ఉతకగా మిగిలిన నీళ్లతో అరుగు కడిగేది, బెండ మొక్కలకు పట్టిన పేనుబంక మీద చల్లేది. పిప్పితో గిన్నెలు తోమేది.

ఈ ముచ్చట అడవి సభ కార్యదర్శి నక్కగారి చెవిన పడింది. జన్మలో ఒక్క గుడ్డ ఉతికిన పాపాన పోలేదు గానీ, ‘మిగులు నురగ పథకం’ అని పేరు మాత్రం చిటికెలో పెట్టేశారు. సింహం మహారాజుగారు చదవకుండానే పంజా ముద్ర వేశారు.

మర్నాడే నక్కగారు రేవుకొచ్చారు.

“నూకాలూ, నీ వాటా వారానికి నలభై కుండల మిగులు నీళ్లు.”

“అన్ని నీళ్లు మిగలాలంటే అన్ని బట్టలుండాలి కద బాబూ! అడవంతా విప్పి ఇచ్చినా నాలుగు కుండలు రావు.”

“బట్టల ఊసు ఉత్తర్వులో లేదు. కుండల ఊసే ఉంది.”

“మరెలా మిగల్చను?”

“కాయలున్నాయిగా! నానబెట్టు, నురగ తియ్యి, బట్ట తగలనివ్వకుండా కుండలో పొయ్యి. మిగిలినట్టే.”

నూకాలు కాళ్లావేళ్లా పడింది. వినేవాళ్లేరీ? బంట్రోతు తోడేళ్లు అటక మీది బస్తాలన్నీ దింపి, కాయలు కొట్టి నానేశాయి. మూడో వారానికి అటక ఖాళీ. ఏడాది బతుకు కుండల్లో పోసి పట్టుకుపోతుంటే నూకాలుకు ఏడుపు ఆగలేదు. సభలో మాత్రం నక్కగారికి శాలువా కప్పారు. నూట ఇరవై కుండలూ సభామందిరం వెనక వరసగా నిలబడ్డాయి. వాటిని వాడినవాళ్లు లేరు.

ఇంతలో పక్క అడవి రాజుగారు వియ్యమందడానికి వస్తున్నట్టు కబురొచ్చింది. తీరా చూస్తే మహారాజుగారి తలపాగా మీద పులుసు మరక! రేవుకు పంపితే కుంకుళ్లు నిండుకున్నాయని తెలిసింది.

“కంగారెందుకు ప్రభూ, మన కుండలున్నాయిగా!” అని నక్కగారు తలపాగాను వాటిలో ముంచి తీశారు. నెల్లాళ్లుగా మురిగిన నీళ్లు! అది పెట్టుకుని మహారాజుగారు ఎదురెళ్లగానే, కాబోయే వియ్యంకులు ముక్కులు మూసుకుని వచ్చిన దారినే పోయారు.

“ఈ కంపు పోయేదాకా రేవు దాటావో, తోలు తీస్తా!” అని మహారాజుగారు నక్కమీద గర్జించారు.

నక్కగారు తలపాగాను బండ మీద బాదీ బాదీ, చివరికి నూకాలు గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డారు.

“అమ్మా, రెండంటే రెండు కుంకుడుకాయలు...”

“అయ్యో బాబూ, అన్ని కుండలు మిగిల్చారుగా!” అంది నూకాలు. “మొహమాటపడకండి, వాడుకోండి.”

నీతి: వాడగా మిగిలితే పొదుపు, మిగల్చడానికే వాడితే పథకం.