స్ట్రౌబ్ గారి ఉచిత హెచ్చరిక

వెల్లర్ కౌంటీ ఆడిటర్ వెండెల్ స్ట్రౌబ్ గారు జూన్ పదో తేదీ ఉదయం కోర్టు భవనం మెట్లెక్కి, తాను ఆ పదవిలో ఉండగా ఈ కౌంటీలో వృద్ధుల పేరు వాడుకునే మొనగాడు ఇంకా పుట్టలేదని ప్రకటించారు.

ఆడిటర్ అంటే చిన్న ఉద్యోగం అనుకునేవాళ్లు ఒహాయోలో కాపురం చేసి ఎరగరు. కుక్కకు లైసెన్సు ఇచ్చేది ఆయనే. పెట్రోలు బంకులో కొలత సరిగ్గా ఉందని స్టిక్కరు అంటించేదీ ఆయనే. ఆ స్టిక్కరు మీద కొలత సంగతి చీమ తలకాయంత అక్షరాల్లోనూ, ఆయన పేరు అరచేతి వెడల్పునా ఉంటాయి. ముసలివాళ్లకు ఇంటి పన్నులో రాయితీ ఇచ్చేదీ ఆయనే. ఆ రాయితీకి పెట్టుకున్న దరఖాస్తులే ఇప్పుడు పోయాయి. ఆరువేల రెండు వందల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లతో సహా ఆఫీసు కంప్యూటర్లోంచి ఎవరో ఎత్తుకుపోయారు. ఆ మూడూ చేతిలో ఉంటే ఎవరి పేరు మీదైనా అప్పు పుడుతుంది.

"ఈ దొంగతనం నాకు ఇవాళ పొద్దున ఎనిమిదింటికి తెలిసింది. తొమ్మిదింటికి మీ ముందు నిలబడ్డాను. ఇంత వేగం ఏ కౌంటీలోనైనా చూశారా?" అన్నారు స్ట్రౌబ్ గారు.

జనం చప్పట్లు కొట్టారు. తన ఇంట్లో పోయిన మన సొమ్ముకు తనే వచ్చి కాపలా కాస్తానన్న మనిషిని చూస్తే ఎవరికి మాత్రం ముచ్చటగా ఉండదు!

చప్పట్లు కొట్టనివాళ్లలో డొలోరెస్ కుబిచెక్ ఒకావిడ. డెబ్బయ్యొకటేళ్లు. ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపి కుడి మోకాలు అరగదీసుకుంది. పడకగది మేడ మీద, వంటిల్లు కింద ఉన్న ఇంట్లో రోజుకు నాలుగుసార్లు మెట్ల మీద కూర్చుని జరుగుతూ దిగుతోంది. వృద్ధుల కోసం కట్టిన మేపుల్ కోర్టు అనే ఇళ్ల సముదాయంలో మెట్లు లేని కింది వాటా ఒకటి ఖాళీ అయింది. దరఖాస్తు పెట్టింది. వాళ్లు క్రెడిట్ రిపోర్టు, అంటే మనిషి అప్పులూ చెల్లింపుల చిట్టా చూసి, బాగుంటే ఇస్తారు. ఆవిడ జన్మలో ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు కనుక బాగుండకపోవడానికి కారణం లేదు.

కోర్టు భవనం ముందు బల్లలు వేసి, ఒక్కొక్కరి చేతా ఫారాలు నింపిస్తున్నారు. డొలోరెస్ వంతు రాగానే స్ట్రౌబ్ గారే స్వయంగా కలం అందించారు.

"ఇదేమిటి వెండెల్?" అంది ఆవిడ. చిన్నప్పుడు ఆయన ఎక్కింది ఆవిడ బస్సే.

"ఫ్రాడ్ అలర్టండీ డొలోరెస్ గారూ. మీ పేరు మీద ఎవడు అప్పుకెళ్లినా, ఇచ్చేవాడు ముందు మీకు ఫోన్ చేసి అడగాలి."

"మా మేనకోడలు ఫ్రీజ్ పెట్టుకోమంది. రెండూ వేరట కదా?"

స్ట్రౌబ్ గారు జాలిగా నవ్వారు. "పేర్లే వేరండీ. రెండూ రక్షణే. ఫ్రీజ్ అయితే ఆ రిపోర్టులు రాసే మూడు క్రెడిట్ బ్యూరోలకూ మీరు విడివిడిగా చెప్పుకోవాలి. అలర్టయితే ఒక్కచోట చెబితే చాలు, మిగతా రెంటికీ వాళ్లే చెప్పుకుంటారు. పైగా ఫ్రీజ్ పెడితే మేపుల్ కోర్టు వాళ్లకి కూడా మీ రిపోర్టు కనపడదు. వాటా చేజారిపోతుంది. ఈ వయసులో మీకెందుకండీ ఆ మంచుగడ్డ?"

మేనకోడలు వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది ఇంకోలా ఉంది. "అత్తా, అలర్ట్ అంటే తలుపు తీసే ఉంచి, 'అడిగి లోపలికి రండి' అని బోర్డు పెట్టడం. ఫ్రీజ్ అంటే తాళం వేయడం. నీకు కావాలన్నప్పుడు ఆన్‌లైన్లో తీయించుకోవచ్చు, గంట పట్టదు, పైసా ఖర్చు లేదు" అంది. కానీ మేనకోడలి పేరు ఏ పెట్రోలు పంపు మీదా లేదు. వాటా అనే మాట వినగానే డొలోరెస్ మోకాలు సంతకం పెట్టించేసింది.

ఫారంలో ఫోన్ నంబరు గడి ముందే అచ్చువేసి ఉంది. 'వృద్ధుల సౌకర్యార్థం' అని కింద రాసి ఉంది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన డొలోరెస్ అదేదో ఆఫీసు నంబరనుకుంది. నిజంగానే అది ఆఫీసు నంబరు.

జూలై ఆఖరులో మేపుల్ కోర్టు మేనేజరు ఫోన్ చేసింది. "మీ పేరు మీద కొన్న పడవకి మూడు నెలలుగా వాయిదాలు కట్టట్లేదండీ. పెరట్లో పెట్టుకునే వేడినీళ్ల తొట్టి కూడా ఒకటి ఉంది. అది కొత్తది. ఆగస్టు పదిహేను దాకా వాటా ఆపి ఉంచుతాను. ఈలోగా తేల్చుకోండి."

డొలోరెస్‌కి ఈత రాదు. నీళ్లంటే భయం. తొట్టి అమ్మినవాడికి ఫోన్ చేసి, అలర్ట్ ఉండగా ఎలా ఇచ్చావని నిలదీసింది. "మేం రూలు ప్రకారం ఫోన్ చేశామండీ. మీ తరఫున ఎంతో మర్యాదగా ఒప్పుకున్నారు" అన్నాడు వాడు.

మర్నాడు ఆవిడ కర్ర పట్టుకుని ఆడిటర్ ఆఫీసుకు వెళ్లింది. ఇరవై రెండేళ్లుగా అక్కడ ఫోన్లు ఎత్తే మార్సీ, చెవికి రిసీవరు ఆనించుకుని కూర్చోమని సైగ చేసింది.

"తప్పకుండానండీ! అలాగేనండీ! సంతోషమండీ!" అని ఫోన్ పెట్టేసింది.

"ఎవరు మార్సీ?"

"ఎవరో మోటారు సైకిళ్ల కంపెనీ. పొలార్డ్ తాతగారు బండి కొంటున్నారా అని అడిగారు."

"పొలార్డ్ ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మంచంలో ఉన్నాడే!"

"అయ్యో, ఆయన కొనాలనుకుంటే మనమెవరం కాదనడానికి?" అంటూ మార్సీ గోడ కేసి చూపించింది. అక్కడ స్ట్రౌబ్ గారి సొంత దస్తూరీలో బోర్డు ఉంది. 'నవంబరు దాకా ఫోన్లో ఎవరికీ కాదు అని చెప్పరాదు.' నవంబరులో ఎన్నికలు. మార్సీ ఆ రూలును మూడు ఎన్నికలుగా ఒక్కసారీ తప్పలేదు. అందుకు ఆమెకు పూలకుండీ బహుమతిగా కూడా ఇచ్చారు.

డొలోరెస్ కర్ర నేలకేసి కొట్టింది. గట్టిగా అరిచింది. ఆ అరుపుకు లోపలి గదిలోంచి స్ట్రౌబ్ గారు బయటికి వచ్చారు. కాగితాలు చూశారు. ఎంతో బాధపడ్డారు.

"తొట్టి సంగతి చిన్న పొరపాటండీ, దిద్దుకుంటాం. మరి పడవ కొన్నది ఏప్రిల్ రెండున కదా? ఏప్రిల్లో ఈ లీకు సంగతి ఎవరికి తెలుసు చెప్పండి? ఆ దేవుడికి కూడా తెలీదు. తెలిసుంటే నేను ఊరుకునేవాణ్ణా?"

"నాకు వాటా పోతుంది వెండెల్. ఆ మెట్లు ఇంక దిగలేను."

"మీకోసమే ఆగస్టు సంతలో ఒక ప్రదర్శన పెడుతున్నాను. అలర్ట్ ఎంత గట్టిదో జనమంతా కళ్లారా చూస్తారు. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను, రండి" అన్నారాయన.

సంత శనివారం, ఆగస్టు పదహారున. వాటా ముందురోజు సాయంత్రమే ఇంకెవరికో వెళ్లిపోయింది. అయినా డొలోరెస్ వెళ్లింది. కౌంటీ సంతలో పందుల పోటీ అయిపోయింది, నూనెలో వేగుతున్న ఫనెల్ కేకుల వాసన వస్తోంది. వేదిక మీద ఎర్ర పికప్ ట్రక్కు, దాని పక్కన కార్ల షాపు అమ్మాయి లాప్‌టాప్‌తో, మైకు పట్టుకుని మార్సీ.

"ఈ బండి నేను ఇప్పుడే వాయిదాల మీద కొంటున్నాను! మీరు పెట్టుకున్న అలర్టే నేనూ పెట్టుకున్నాను. మీకొకటి, నాకొకటి అనేది నా ఇంటావంటా లేదు. ఇప్పుడు ఈ అమ్మాయి నా రిపోర్టు తీస్తుంది, అలర్ట్ కనబడుతుంది, నాకు ఫోన్ చేస్తుంది, నేను ఔనంటాను. అంతే!" అని స్ట్రౌబ్ గారు ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు.

ఫోన్ మోగలేదు.

"సార్, మీ రిపోర్టు రావట్లేదండీ. ఫ్రీజ్ చేసుంది" అంది అమ్మాయి.

"ఇంకో బ్యూరోలో చూడమ్మా."

"అక్కడా ఫ్రీజేనండీ."

"మూడోది?"

"మూడూ సార్."

స్ట్రౌబ్ గారు చిరునవ్వు చెరగనీయలేదు. "కంప్యూటర్లన్నాక పొరపాట్లు మామూలే" అన్నారు జనంతో.

ఇరవై రెండేళ్లుగా ఆయన ఉత్తరాలన్నీ చూసుకునే మార్సీ, ఆయన ఇబ్బంది చూసి ఊరుకోలేకపోయింది. "కంగారు పడకండి సార్, ఫ్రీజ్ తీయించేద్దాం. గంట పట్టదు, ఖర్చు కూడా లేదు" అని తన టాబ్లెట్లో వెతికి, మైకులోనే గడగడా చదివింది. "ఇదిగో సార్, మెయిలు దొరికింది. 'మీరు కోరిన ప్రకారం మీ రిపోర్టును ఫ్రీజ్ చేశాము. మార్చి తొమ్మిది.' రెండో బ్యూరో వాళ్లదీ మార్చి తొమ్మిదే. మూడోదీ అదే రోజండీ, పది నిమిషాల తేడాలో. పాపం, ఓపిగ్గా మూడు చోట్లా పెట్టుకున్నారు!"

స్ట్రౌబ్ గారు బ్యాండు వాళ్లకు చెయ్యి ఊపారు. బ్యాండు వాళ్లు నిమ్మరసం తాగుతున్నారు.

ముందు వరసలో డొలోరెస్ కర్ర మీద భారం వేసి లేచింది. చేతి సంచిలో పడవ కాగితం ఉంది. దాని మీద ఏప్రిల్ రెండు అని ఉంది.

"మార్సీ, మా దరఖాస్తులు పోయిన సంగతి మీ సారుకి మార్చిలోనే తెలుసా?" అని అడిగింది.

మార్సీ మైకును ఫోన్ రిసీవరులా నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"తప్పకుండానండీ!" అంది. "అలాగేనండీ! సంతోషమండీ!"