కదలకుండా గెంతే విధానం

పల్నాటి పిల్లలు ఇన్నాళ్లుగా ఏ అనుమతీ లేకుండా, ఏ మార్గదర్శకాలూ పాటించకుండా ఇష్టమొచ్చినట్టు గెంతుతున్నారన్న చేదు నిజాన్ని ప్రాథమిక చలన నైపుణ్యాల విభాగం ఆలస్యంగానైనా గుర్తించింది. వెంటనే వ్యాయామ ఉపాధ్యాయులకు నరసరావుపేటలో ఐదు రోజుల శిక్షణ పెట్టింది.

వెల్దుర్తి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన రేచల్ టీచర్ మొదటి వరుసలోనే కూర్చుంది. ఆమె బడిలో మూడో తరగతి చదివే అల్ఫియాకు ఒంటికాలి మీద నిలవడం రాదు. అందుకే తొక్కుడుబిళ్లలో ఆ పిల్లను ఎవరూ చేర్చుకోరు. ఆటల పీరియడ్‌లో రోజూ చెయ్యి పట్టుకుని నేర్పగా నేర్పగా నెల రోజులకు రెండు గెంతులు వచ్చాయి. మూడోది ఎలా రప్పించాలో ఇక్కడ ఎవరైనా చెబుతారని టీచర్ ఆశ.

ఐదు రోజులూ గెంతడం గురించి కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పారు. (మూడో రోజు క్రోసూరు బెంజిమిన్ మాస్టారు కాళ్లు తిమ్మిరెక్కి లేచి నిలబడితే సంజాయిషీ అడిగారు.) చివరి రోజు యాప్ ఇచ్చారు. ప్రతి పిల్లా గెంతుతుండగా ఫోటో తీసి పంపాలి. ఫోటో మసకగా వస్తే ఆ పిల్లకు గెంతడం రానట్టు లెక్క.

"గెంతేటప్పుడు మసక రాకుండా ఎట్టా సార్?" అంది రేచల్.

"కదలకుండా గెంతించండమ్మా. నియమావళిలో స్పష్టంగా ఉంది," అన్నారు శిక్షణాధికారి భానుప్రకాష్ గారు, ఓపిగ్గా.

బడికి తిరిగెళ్లాక రేచల్ మొదటి వారం నలభై ఫోటోలు పంపితే నలభయ్యీ మసకగా ఉన్నాయని తిరిగొచ్చాయి. వెనకే మెమో వచ్చింది. రెండో వారం నుంచి పిల్లలందరూ గోడకు చెయ్యి ఆనించి, ఒక కాలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడసాగారు. (గోడ ఫోటోలో పడకూడదు.) ఆటల పీరియడ్ మొత్తం దానికే చాలడం లేదు.

"టీచర్, నాకు మూడో గెంతు ఎప్పుడు నేర్పుతారు?" అని అడిగింది అల్ఫియా.

"కదలమాకే తల్లీ, ఫోటో పాడైపోద్ది!" అని కసిరింది రేచల్. కసిరాక తన మీద తనకే చానా అసహ్యమేసింది. అయినా ఫోన్ దించలేదు.

అల్ఫియా ఫోటో మండలంలోకెల్లా స్పష్టంగా వచ్చింది. బడికి నూటికి నూరు శాతం పడింది. పిల్లలందరికీ గెంతడం వచ్చేసినందున ఇకపై ఆ బడిలో ఆటల పీరియడ్ రద్దు చేయడమైనదని విభాగం అభినందనలతో తెలియజేసింది.